ఒంటికాలి ఆసనాలక్క

సెలవుల సీజను రాగానే అందరికీ నాలుగు చేతులుంటే బాగుండుననిపిస్తుంది. ప్యాకింగ్ గదిలో ఆసనాలక్క మాత్రం ఉన్న రెండు కాళ్లలో ఒకటి మడిచేసేది. పని ఎంత పెరిగితే ఆవిడ యోగా అంత పెరిగేది.

పెద్ద దుకాణంలో కానుకలకు రంగుకాగితం చుట్టే గది అది. ఏడుగురు ఆడవాళ్లు, ఒక పొడవాటి బల్ల, గోడ మీద బోర్డు: "పనివేళల్లో కూర్చోరాదు." కొనేవాళ్లకు కింద సోఫాలు వేశారు, కట్టేవాళ్లకు స్టూలు కూడా వెయ్యలేదు. ఎవరైనా కూర్చుని దొరికితే మర్నాటినుంచి రానక్కర్లేదు. పట్టుకోవడం సూపర్వైజరు పని. కూర్చున్నవాళ్లు అతనికి ఒక్కసారీ దొరకలేదు. ఏడోనెల కడుపుతో ఉన్న చిన్నమ్మాయి కూడా ఎప్పుడు చూసినా నిలబడే ఉండేది. 'ఉక్కు కాళ్లు!' అనుకునేవాడు.

అతను గుమ్మంలో అడుగు పెట్టడమే ఆలస్యం, ఆసనాలక్క టేపు చుట్టతో సహా చేతులు పైకెత్తి, కుడిపాదం ఎడమ మోకాలికి ఆనించి, "ఊపిరి పీల్చండీ!" అని ఒక్క కేక పెట్టేది. బల్ల మీది రిబ్బన్లు ఉలిక్కిపడేవి.

"ఏంటక్కా ఇది?"

"వృక్షాసనం సార్. ఒత్తిడి పోతుంది."

"కింద జనం కొట్టుకు చస్తున్నారు! మూడొందల పెట్టెలు ఆగిపోయాయి!"

"చూశారా, అదే ఒత్తిడి. మీ మెడనరాలు రిబ్బన్లలా లేచాయి."

దాంతో అతను ఆవిడ మీద ఒంటికాలి మీద లేచేవాడు.

"అది నా ఆసనం సార్," అనేది ఆవిడ, కాలు దించకుండానే.

ఆ చెట్టుకి గాలీ ఎక్కువే. ఊగి ఊగి, సరిగ్గా సూపర్వైజరు మీదే కూలేది. ఒకసారి మెరుపుల పొడి డబ్బాతో సహా కూలింది. వారం రోజులు అతను ఇంట్లో కూడా మిలమిలలాడుతూ తిరిగాడు. భార్య ఏమడిగినా, "చెట్టు పడిందే," అనేవాడు.

అతను విసుక్కుంటూ వెళ్లిపోగానే వెనకనుంచి, "ఊపిరి వదలండీ!" అని వినిపించేది. తర్వాత ఆరు నిట్టూర్పులు.

సీజను చివరి వారంలో అతని ఓపిక నశించింది. ఆవిణ్ని మాన్పించమంటూ మేనేజరుకు ఫిర్యాదు రాశాడు. కాగితం చేతబట్టుకుని మేనేజరు గదికి బయల్దేరాడు. దగ్గరదారి కదా అని, ఎప్పుడూ వాడని ప్యాకింగ్ గది వెనక తలుపు తీశాడు.

ఆరుగురూ అట్టపెట్టెల మీద కూర్చుని ఉన్నారు. చేతులు మాత్రం ఆగలేదు, చకచకా రంగుకాగితం చుడుతూనే ఉన్నాయి. చిన్నమ్మాయి, బూరెల్లా ఉబ్బిన పాదాలను ఇంకో పెట్టె మీద చాపుకుంది. ఆమె కూర్చున్న పెట్టె కుంటిది, కదిలినప్పుడల్లా ఒక పక్కకి ఒరుగుతోంది. ఆసనాలక్క ఒక్కతే ముందు తలుపు సందులోంచి బయటికి చూస్తూ, నిలబడే రిబ్బను కడుతోంది.

"అక్కా, కాసేపు నువ్వూ కూర్చోవే," అంది చిన్నమ్మాయి.

"చెట్టెక్కడైనా కూర్చుంటుందా? అయినా నాకు యోగా ఎక్కడొచ్చే! క్యాలెండరు మీద చూసి ఈ ఒక్కటే నేర్చుకున్నా. ఇంకో నాలుగు రోజులు నేను పడుతూ లేస్తూ ఉంటే నీ ఉద్యోగం నిలబడుతుంది."

సూపర్వైజరుకి అప్పుడర్థమైంది. పీల్చండంటే లేవమని, వదలండంటే కూర్చోమని. ఇన్నాళ్లూ ఈ గది ఊపిరి బిగబట్టింది తనని చూసే!

అప్పుడే అతని వెనక వసారాలో బూట్ల చప్పుడు. మేనేజరు! ముందు తలుపుకి కాపలా కాస్తున్న ఆసనాలక్కకు ఆ సంగతే తెలియదు.

సూపర్వైజరు ఒక్క ఉదుటున చేతులు పైకెత్తి, ఒక కాలు మడిచి అరిచాడు: "ఊపిరి పీల్చండీ!"

అట్టపెట్టెలు గరగరమన్నాయి. మేనేజరు తల దూర్చేసరికి ఏడుగురూ నిలబడే ఉన్నారు, ఆసనాలక్క మాత్రం ఒంటికాలి మీద.

"ఏంటయ్యా ఇది?"

"వృక్షాసనం సార్. ఒత్తిడి పోతుంది."

"చేతిలో ఆ కాగితం?"

సూపర్వైజరు ఒక్క క్షణం ఊగాడు. "ఆకు సార్."

మేనేజరు ఇద్దరు పిచ్చివాళ్లనూ మార్చి మార్చి చూసి, తల పట్టుకుని వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు అణిగినా సూపర్వైజరు కాలు దించలేదు.

ఆసనాలక్క వచ్చి అతని చేతిలోంచి ఆ ఆకు లాక్కుంది. చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, చిన్నమ్మాయి కుంటిపెట్టె కింద దోపింది. ఇక అది ఒరగలేదు.

"కాలు దించు తమ్ముడూ," అంది. "ఊపిరి వదులు."