మతార్ అంటే ఇంటికే అనుకున్నాను

రాయచోటి దగ్గర మా పల్లెలో తొమ్మిదేళ్ల కూతుర్ని అక్కకు అప్పగించి, కువైట్‌లోని సల్వాలో ఒకరింట్లో పనికి కుదిరాను. ఇంటావిడను అక్కడి వాడుక ప్రకారం మామా అని పిలిచేదాన్ని. నాలుగేళ్లపాటు ఊరికి పంపమని అడుగుతూనే ఉన్నాను.

ఒకరోజు పొద్దున్నే మామా బీరువాలోంచి నా పాస్‌పోర్టు తీసి, "యల్లా, మతార్!" అంది. యల్లా అంటే పద, మతార్ అంటే విమానాశ్రయం. ఇంకేం కావాలి! అక్క ఇంటికి ఫోన్ చేసి, "పాపా, నేనొస్తాండా!" అని అరిచాను. పాప కోసం దాచిన గౌన్లూ బొమ్మలూ పెట్టెలో కుక్కాను.

తీరా అక్కడ చూస్తే, జీపంత విమానం. అది మామా భర్తదే, నడిపేదీ ఆయనే. బహ్రెయిన్‌లో చేపల భోజనం బాగుంటుందట, తినేసి సాయంత్రానికి తిరిగొస్తారట. నేను వాళ్ల చంటిబిడ్డను ఎత్తుకోవడానికి.

నా పెట్టె చూసి ఆయన పడీపడీ నవ్వాడు. మామా నవ్వలేదు. ఆమెకు అర్థమైంది. అయినా పెట్టె కారులోనే ఉండిపోయింది.

హోటల్లో నా పళ్లెంలోనూ పెద్ద చేపముక్క వేయించింది మామా. దాన్ని అలాగే వదిలేసి బిడ్డకు పాలు పట్టాను.

తిరిగొచ్చి ఫోన్ చేస్తే, నేను నోరు తెరిచేలోపే పాప అంది: "మా, ఏ బస్సుకొస్తాండావు? పెద్దమ్మ రేపంటాంది. నేను ఈపొద్దే బస్టాండుకాడికి పోయి చూసొచ్చినా."

పాపకిప్పుడు పెళ్లయింది. నేనింకా కువైట్‌లోనే ఉన్నాను. ఎప్పుడు "వస్తాండా" అన్నా, "ఈడ దిగినాక చెప్పు మా" అంటుంది.