మూడో సెలా

ఆ రోజుల్లో మా ఊరి చర్చిలో ఆడవాళ్ళు పాడవచ్చు, ఊడవవచ్చు, కానుకల సంచీ తిప్పవచ్చు. ప్రసంగ పీఠం మెట్లు తుడవవచ్చు గానీ ఎక్కకూడదు. (మెట్లు మూడు. మూడోది కుడివైపుకి వాలి ఉండేది. లెక్కల పంతులమ్మని, తుడిచేటప్పుడు కూడా లెక్కపెట్టుకునేదాన్ని.) అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆ ఏడు పోయారు. కొత్త అయ్యగారు ఇంకా రాలేదు. స్త్రీల ఆదివారానికి చెప్పేవాళ్ళు దొరక్క, నాలుగు ముక్కలు చదువుకున్నదాన్నని నన్ను అడిగారు. అడిగింది సంఘ పెద్ద. ఆరిపోయిన చుట్ట చెవి మీద పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి చాటుగా ఆయన్ని చుట్ట పెద్దయ్య అనేవాళ్ళం. "చెప్పుకో పంతులమ్మా, నేనొద్దన్ను. కానీ సగంలో ఒక్కళ్ళు లేచెళ్ళినా సరే, ఇక ఆ మెట్లెక్కే పని ఆడోళ్ళకి లేదు," అన్నాడు. అది మిరపకోతల కాలం. ప్రసంగం సగంలో ఉండగానే కూలీల ట్రాక్టరు బయట హారన్ కొడుతుంది. జనాన్ని లేవకుండా కూర్చోబెట్టడం అయ్యగారికే కష్టమయ్యేది. ఆ సంగతి పెద్దయ్యకి బాగా తెలుసు.

నలభై ఆరో కీర్తన ఎంచుకున్నాను. అందులో 'సెలా' అనే మాట మూడుసార్లు వస్తుంది. చిన్నప్పుడు అది 'సెలవు'కి అచ్చుతప్పనుకునేదాన్ని. దాని అర్థం తేల్చుకోకుండా పీఠం ఎక్కడం ఇష్టం లేక, శనివారం మధ్యాహ్నం అయ్యగారి పుస్తకాల బీరువా తాళం అడగడానికి ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. మేమంతా ఆవిణ్ణి అమ్మగారు అనేవాళ్ళం. చర్చి వెనకే ఇల్లు. అయ్యగారు పోయాక ఆవిడ గడప దాటి నలుగురిలోకి వచ్చింది లేదు.

"కీర్తనల మీద వ్యాఖ్యానాలు మూడున్నాయి. ఒక్కటే తీసుకెళ్ళు తల్లీ," అంది వంకాయలు తరుగుతూ. "మూడూ తీస్తే ఆయనకి వెతుక్కోడం కష్టం."

"ఆయనకా అండీ?"

"ఎండలో వచ్చావు, మజ్జిగ తాగుతావా?"

ఖాళీ చర్చిలో బీరువా తెరిచి, పుస్తకాలు మూడూ దించుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. బయట కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఎరుపు గోడల మీద పడి, ఎవరో లోపల దీపం పెట్టినట్టుంది. మూడు వ్యాఖ్యానాల్లోనూ ఒక్క సెలానే వెతికాను. (కొత్త తక్కెడలో తెలిసిన రాయి వేసి చూస్తామే, అలాగ.) ఇంగ్లీషులో ఉన్న లావుపాటిది రెండు పేజీలు నడిచి, చివరికి ఎవరికీ తెలియదంది. రెండోది ప్రసంగానికి మూడు అంశాలు వండి వడ్డించింది గానీ సెలా దగ్గరికొచ్చేసరికి చప్పుడు చేయకుండా దాటేసింది. అట్ట ఊడి, అంచులు పురుగు కొట్టిన మూడోదాంట్లో 'ఇక్కడ ఆగుము' అని రెండే మాటలున్నాయి. ఆ మాటల పక్కన కాగితం వేలిముద్రలతో నల్లబడింది. అదే తీసుకున్నాను.

కీర్తన పైకి చదివి, మొదటి సెలా దగ్గర ఆగాను. పీఠం పక్కన తెర వెనకనుంచి ఎవరో ఊపిరి విడిచారు. "హా..."

ఆ తెర వెనక ఉన్నది అయ్యగారి కాలి హార్మోనియం. మాకు తెలిసి ఆయన తప్ప దాన్ని ఎవరూ ముట్టేవారు కాదు. గాలేమో అనుకున్నాను. గోడ మీది క్యాలెండరు కాగితం మాత్రం కదల్లేదు. రెండో సెలా దగ్గర మళ్ళీ అదే ఊపిరి. మూడోదాని దగ్గర ఇంకాస్త పొడుగ్గా, ఇష్టంగా విడిచినట్టు వచ్చింది. తెర ఎత్తి చూడవచ్చు కదా అంటారు. మీరెత్తండి. నేను పుస్తకం చంకలో పెట్టుకుని బయటపడ్డాను. కళ్ళ నీళ్ళేమిటని అడిగినవాళ్ళకి మిరప ఘాటని చెప్పాను.

ఆదివారం మెట్లెక్కాను. మొదటి సెలా చదివి, వ్యాఖ్యానం చెప్పినట్టే ఆగాను. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు హారన్ మోగింది. వెనక వరసలోంచి మా సొంత పిన్ని గొంతు, "సెలవంటందే, లెగండి లెగండి!" చీరలు దులుపుకున్న చప్పుడు. చుట్ట పెద్దయ్య నా వైపు చూసి నవ్వాడు. ఒక్కళ్ళు గడప దాటితే అయిపోయినట్టే.

"హా..." అంది తెర.

సగం లేచినవాళ్ళు సగంలోనే ఉండిపోయారు. పెద్దయ్య చెవి మీది చుట్ట కిందపడింది. "అయ్యగారే," అన్నాడు. "కూకోండి! కూకోండెహె!" తర్వాత ట్రాక్టరు ఎన్నిసార్లు అరిచినా ఒక్కరూ కదల్లేదు. భక్తితో కదల్లేదని రాసుకోవాలని నాకూ ఉంది. మిగతా రెండు సెలాల దగ్గరా తెర ఊపిరి విడిచింది. ప్రసంగం ముగించాను.

అందరూ వెళ్ళాక తెర కొంచెం పక్కకి జరిగింది. వెనక అమ్మగారు, పెడల్ మీద వట్టి పాదం.

"ప్రతి శనివారం ఆయన ఇక్కడే చదువుకునేవారమ్మా. సెలా దగ్గర ఆగితే, పైన హార్మోనియం మెట్లేవీ నొక్కకుండా, వట్టి గాలే వచ్చేట్టు నేనోసారి పెడల్ తొక్కాలి. లేకపోతే ముందుకెళ్ళేవారు కాదు. నిన్న నువ్వు చదవడం మొదలెట్టేసరికి వంటింట్లో కాలాడలేదు, వెనక తలుపులోంచి వచ్చి కూర్చున్నా."

"నిన్న ప్రాణాలు తీశారండీ! మూడుసార్లూ అదిరిపోయాను."

"మూడెక్కడ? రెండే. పులుసు పొంగిన వాసనొస్తే లేచెళ్ళిపోయాగా."

"మూడండీ. నేను లెక్కపెట్టాను."

ఆవిడ హార్మోనియం వైపు కాసేపు చూసింది. "అయితే ఆయనకి నచ్చుంటుందిలే," అని మూత వేసింది.

పెద్దయ్య ఇక ఆడవాళ్ళ మాట ఎత్తలేదు. ఏటా ఆ మెట్లెక్కుతూనే ఉన్నాను. ఇప్పుడు మా కుర్ర టీచరమ్మలకి వ్యాఖ్యానాలన్నీ ఫోన్లోనే. ఏది మంచిదండీ అని అడిగితే, సెలా దగ్గర ఏం చెప్పిందో చూడమంటాను. ఎందుకో చెప్పను. జీవితంలో నేను వేసిన లెక్కల్లో తేలకుండా మిగిలింది ఆ ఒక్కటే. ఈ వయసులో సెలా దగ్గర ఆగితే వినిపించేది నా ఆయాసమే, పిల్లికూతలతో సహా. మొదటి రెండింటికీ దాన్ని దాని మానాన పోనిస్తాను. మూడోదాని దగ్గర మాత్రం, ఇంత ముసలిదాన్నై ఉండీ, ఊపిరి బిగబట్టి వింటాను.