వదిన చేసిన కుంకుమ

మా అన్న లారీ ప్రమాదంలో పోయేనాటికి వదినకు ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. పిల్లలు లేరు, పుట్టింట్లో చూసే దిక్కు లేదు. తిరుపతిలో మా అమ్మ దగ్గరే ఉండిపోయింది. నా కాపురం పక్క వీధిలోనే కాబట్టి రోజూ పోయేదాన్ని. అమ్మ వంటింట్లో, వదిన వెనక వసారాలో, ఒకే మనిషి కోసం వేరువేరుగా ఏడుస్తుంటే దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చేది. ఏడిస్తే కడుపు నిండుతుందా? రేపు అమ్మ కూడా పోతే ఈమెకు కూడెవరు పెడతారు?

"ఏదో ఒక పని పెట్టుకుందాం వదినా" అని ప్రాణం తీశాను.

"నాకేమొస్తాది పాపా? మాయమ్మ నేర్పించిన కుంకుమ సేసేది తప్ప" అంది. అనేసి, తన నోట ఆ మాట వచ్చినందుకు తనే బెదిరిపోయింది.

నేను వదిలితేనా! కొండకు వచ్చినవాళ్లు కుంకుమ కొనకుండా పోతారా? అంగళ్లలో దొరికేది చాలావరకు రంగు పొడి, పెట్టుకుంటే నుదురు మండిపోయేది. పనికి ఆడవాళ్లను వెతికాను. మొగుళ్లున్నవాళ్లను మొగుళ్లు పంపలేదు. వచ్చినవాళ్లంతా వదినలాంటివాళ్లే. వచ్చింది అందరం సమంగా పంచుకోవాలి, యజమాని అంటూ ఎవరూ ఉండకూడదు అని మొదటే అనుకున్నాం. అమ్మ మాత్రం "లోకం ఒప్పదు మే" అని గొణుగుతూనే ఉంది.

పసుపు కొమ్ములు నలగ్గొట్టి, నిమ్మరసంలో పటిక, వెలిగారం కలిపి నానబెట్టేవాళ్లు. ఎర్రబడ్డాక నీడలో ఆరబెట్టి, దంచి, పలచని గుడ్డలో జల్లించేవాళ్లు. ప్రతి వాయీ తయారయ్యాక వదిన నన్ను వాకిట్లోకి లాక్కుపోయి, నా నుదుటన పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసేది. ఆ వాకిట్లో మొగుడున్నది నా ఒక్కదానికే. రంగు నచ్చితే నవ్వేది. అన్న పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

అలిపిరి దగ్గర ఒక అంగడాయన తీసుకున్నాడు. "యాడ సేయించినావమ్మా? ఎంత సక్కంగా ఉండాది!" అని మెచ్చుకున్నాడు. మళ్లీ మళ్లీ అడిగి తెప్పించుకున్నాడు. ఒకరోజు మొత్తం సరుకు రిక్షాలో వేసుకుని అమ్మ ఇంటికే వచ్చాడు.

"ఎవురు సేసిందో బయటపడిందమ్మా. ముండమోసినోళ్లు సేసిన కుంకుమ ముత్తయిదువులు పెట్టుకుంటారా? ఒకామె నా మొగానే ఇసిరి కొట్టింది."

వదిన తలుపు పక్కనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం, వాళ్లు వండిపెడితే తింటారే, వాళ్లు తోడిన నీళ్లు తాగుతారే, అప్పుడు పోని మంగళం కుంకుమకే పోయిందా?" అని దులిపేశాను.

"నన్ను తిట్టి ఏం లాభం తల్లీ? నేనూ యాపారం సేసుకోవల్ల గదా. నువ్వే సేసినానని సెప్పు, నీ మొగం సూసి కొంటారు. వాళ్లను మాత్రం బయట కనపడనీయొద్దు."

అతను పోయాక, "ఈ బతుకు మనకొద్దు, మూసేద్దాం" అన్నాను. దంచే ఆడవాళ్లలో ఒకామె, "మూసేస్తే మల్లా ఇండ్లలో అంట్లు తోమేదానికి పోవల్ల" అంది.

"సెప్పు పాపా, నువ్వే సేసినానని సెప్పు" అంది వదిన. "ఎవురు సేసినారో కుంకుమకేం తెలుసు?"

అప్పటినుంచి ప్రతి అంగట్లోనూ "నా చేత్తోనే చేశానండీ" అని చెప్పాను. చిత్తూరులో చెప్పాను, నాయుడుపేటలో చెప్పాను. వదిన వాళ్లేమో వీధి తలుపు గడియ వేసుకుని లోపల దంచేవాళ్లు. సరుకు బాగా పోయింది. ఆడవాళ్లు పెరిగారు. కొన్నేళ్లకు పెద్ద ఇల్లు బాడుగకు తీసుకున్నాం.

ఆ ఇంట్లో పాలు పొంగించిన రోజు అంగళ్లవాళ్లందరినీ పిలిచాం. పనిచేసే ఆడవాళ్లంతా వంటమనుషుల్లాగా వెనక నిలబడ్డారు. వచ్చిన ముత్తయిదువులకు పళ్లెంలో మా కుంకుమే పంచుతున్నారు. పళ్లెం దగ్గరికి వస్తుంటే వదిన తనే రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. ఆ రెండడుగులు నేను చూడలేకపోయాను. పళ్లెంలో వేలు ముంచి నేరుగా ఆమె ముందుకు పోయాను. వెనకనుంచి మా అమ్మ గొంతు వినబడింది.

"పెట్టు మే. నా కొడుకుంటే పెట్టుకోని ఉండునే."

వదిన కళ్లు నిండిపోయాయి. క్షణం పాటు నుదురు ముందుకు వంచింది కూడా. అంతలోనే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దు పాపా. అంగడోళ్లు సూస్తాండారు. రేపు సరుకు ఎనిక్కొస్తే వీళ్లంతా యాడికి పోతారు?"

కొంగుతో నా వేలు తుడిచేసింది. ఎర్రదనం కనిపించనంత వరకు తుడిచింది.