ప్రాసెసర్ మార్చిన పూట

ఎండాకాలం మా విజయవాడలో ఫ్యాను ఆపమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. అయినా ఆ రోజు ఆపించాను. ఏ స్క్రూ ఎక్కడిదో రాసుకున్న కాగితం మీదే స్క్రూలన్నీ పెట్టాను మరి.

విప్పింది మా ఆవిడ పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పాత లాప్‌టాప్‌ను. అందులో ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఇంకో పెళ్లి అయిపోయేది. గన్నవరం పెళ్లివారు సాయంత్రానికి వస్తామన్నారు, ఆల్బమ్ సగంలో ఉంది. ఇవ్వకపోతే ఆవిడ మాట పోతుంది.

పాత ప్రాసెసర్ తీసి, దానికన్నా వేగమైన సెకండ్‌హ్యాండ్‌ది పెట్టి, పైన వేడి లాగే పేస్టు రాసి బిగించాను. స్విచ్ నొక్కితే తెర నల్లగానే ఉంది. మా ఆవిడ గడియారం వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

కొత్తదాన్ని గుర్తుపట్టడానికి టైము తీసుకుందేమో, కాసేపటికి తెర వెలిగింది. ఆవిడ కుర్చీ లాక్కునేలోపే పేజీ తెరుచుకుంది.

“ఏమండీ, వచ్చేసింది” అంది, నా వైపు చూడకుండానే పని మొదలుపెడుతూ.

నా ఇంజనీరింగ్ డిగ్రీకి ఇంట్లో దొరికిన మొదటి సాక్ష్యం అది. కాస్త నిటారుగానే నిలబడ్డాను.

విసనకర్రతో విసురుకుంటున్న మా అమ్మ అంతా చూసింది.

“గంట పనికి ఆ పిల్లని ఏడాదిపాటు ఏడిపించావట్రా?”