పంతొమ్మిదో పేజీలో బెలూను

బొమ్మల పుస్తకాల కంపెనీలో ఆవిడని అందరూ బెలూన్లక్క అంటారు. బొమ్మలో మనిషి నోటి పక్కన తెల్లటి బుడగ ఉంటుంది చూడండి, అందులో మాటలు రాసేది ఆవిడే. జిగురు కాగితం మీద రాసి, బుడగ ఆకారంలో కత్తిరించి, బొమ్మ మీద అంటిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కంప్యూటరు అక్షరాలొచ్చాక తోటివాళ్ళు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకున్నారు గాని, నల్లముసుగు పుస్తకానికి మాత్రం ఆవిడ రాతే కావాలని పాఠకులు పట్టుబట్టారు. మేడల మీంచి మేడల మీదికి దూకి దొంగల ఒళ్ళు హూనం చేసే వీరుడు నల్లముసుగు. వాడి గొంతు ఎవరూ వినలేదు. ఆవిడ రాతలోనే విన్నామనుకుంటారు.

ఆ మంగళవారం పన్నెండున్నరకి ప్రెస్సు ఫోర్మన్ కొత్త సంచిక పట్టుకుని, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"బెలూన్లక్కా, మనవాడికి భక్తి ముదిరింది! ఇటు చూడు!"

పంతొమ్మిదో పేజీ. మేడ అంచున దొంగ మోకాళ్ళ మీద పడి ఉన్నాడు. నల్లముసుగు వాడి మీదికి వంగి "నిన్ను క్షమించాను. లే" అంటున్నాడు. ఆ పక్క బొమ్మలోనే వాణ్ణి ఎగిరి తన్నాడు.

"క్షమించి మరీ తన్నాడక్కా! నలభై వేల కాపీలు అచ్చయిపోయాయి. ఎడిటరుగారు చూశారంటే నిన్నూ నన్నూ కలిపి తంతారు, అదీ క్షమించకుండా."

ఆవిడ నవ్వలేదు. ఈ మాట ఇక్కడికొచ్చిందంటే, ఇక్కడ ఉండాల్సిన మాట ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికి పోయిందో ఆవిడకి తెలుసు.

రెండు నెలల కిందట పాస్టరుగారు కంపెనీకి వచ్చారు. జైల్లో వారం వారం ప్రార్థన పెట్టే మనిషి ఆయన. తను తీసుకెళ్ళే పుస్తకాలను అక్కడ ఎవరూ ముట్టుకోవడం లేదని, నల్లముసుగు కోసం మాత్రం కొట్టుకు చస్తున్నారని, ఆ వీరుణ్ణే క్రీస్తు మార్గంలో నడిపిస్తే చదువుతారని ఆయన ఆలోచన. యజమాని ఏ మూడ్‌లో ఉన్నాడో గాని సరేనన్నాడు. పాత కథ ఒకటి ఇచ్చి, బొమ్మలు మావి, మాటలు మీవి అన్నాడు. పాస్టరుగారు కత్తెర పట్టుకుని కూర్చుని కొట్టే బొమ్మలన్నీ పీకేశారు. దూకే ముందు వీరుడి చేత ప్రార్థన చేయించారు. చివర్లో తన్నే బొమ్మకి బదులు, మూడో పేజీలో నల్లముసుగు ఒక ముసలాయన్ని లేవనెత్తే బొమ్మ తెచ్చి, ముసలాయన ఒంటి మీద దొంగ తలకాయ అతికించారు. నడుము వంగిపోయిన దొంగ తయారయ్యాడు. అయినా బాగానే ఉందనుకున్నారు.

ఖర్చు కలిసొస్తుందని కంపెనీ కూడా అదే పాత కథని ఈ నెల సంచికకి మళ్ళీ తీసింది. దాంతో రెండు పుస్తకాల పేజీలూ ఒకే వారంలో ఆవిడ బల్ల మీదికొచ్చాయి. అదే దొంగ, అదే మేడ, అదే సైజు బుడగ. ప్రూఫులు చూడటమంతా అయిపోయాక పాస్టరుగారు ఫోన్ చేసి, పంతొమ్మిదో పేజీలో "మన్నించాను" తీసి "క్షమించాను" పెట్టమన్నారు. ఆవిడ ఆ ఒక్క బెలూనూ మళ్ళీ రాసి, కంపెనీ బెలూను పక్కనే గాజుపలక మీద ఆరబెట్టింది. సాయంత్రం రెండూ తీసి అంటించింది. ఆ తరవాత వాటిని తిరిగి చూసిన మనిషి లేడు. కంపెనీ బెలూనులో ఉన్న మాట, "నీలాంటివాడికి క్షమాపణ లేదు!"

ఆ పుస్తకం వెళ్ళేది జైలుకి. జైల్లో ఆవిడ తమ్ముడున్నాడు.

ఐదేళ్ళ కిందట వాడు తాగి వ్యాను నడిపాడు. పక్క సీట్లో కూర్చున్న బావ అక్కడికక్కడే పోయాడు. అంతవరకైతే ఆవిడ ఏడ్చి ఏడ్చి ఎప్పటికో దిగమింగుకునేదేమో. కానీ వాడు పోలీసులతో తాగి నడిపింది బావేనని చెప్పాడు. మూడు వారాలు అదే మాట మీద ఉన్నాడు. ఆ మూడు వారాలూ పరామర్శకొచ్చిన వాళ్ళు ఆవిడ చెయ్యి పట్టుకుని, మీ ఆయనకి ఆ అలవాటు ఎప్పట్నించి అని గొంతు తగ్గించి అడిగారు. చుక్క ముట్టని మనిషి గురించి! చివరికి నిజం బయటపడి వాడికి శిక్ష పడింది. ఆవిడ ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. కార్డు ముక్క రాయలేదు.

పాస్టరుగారు పని ఒప్పజెప్పినప్పుడే తెగేసి చెప్పింది.

"రాస్తానండీ. వాణ్ణి చూడమని మాత్రం నన్నడక్కండి."

"అడగనమ్మా. కానీ వాడు మీ రాత గుర్తుపడతాడు."

"పడితే పడనివ్వండి."

గుర్తుపట్టక ఏం చేస్తాడు? వాడికి అక్షరాలు నేర్పిందే ఆవిడ. పదకొండేళ్ళు చిన్నవాడు. పాడైన బెలూన్లు ఇంటికి తెచ్చి, వాటి మీదే చదివించేది.

ఇప్పుడు పాస్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన గొంతు ఉషారుగా ఉంది.

"పొద్దున్నే ఇచ్చొచ్చానమ్మా! నూటయాభై కాపీలు. మొదటి కాపీ మీ తమ్ముడి చేతిలోనే పెట్టాను. మీ అక్క ఏం రాసిందో చివరిదాకా చదువు అని చెప్పాను."

ఆవిడ జరిగింది చెప్పింది.

"వచ్చే మంగళవారం వెళ్ళి వెనక్కి తీసుకుంటానమ్మా. ఇవాళ మరి..."

"ఇవాళ ములాకత్ ఎన్నింటి దాకా?"

"నాలుగు దాకా."

వాణ్ణి చూడకుండా ఉండటం ఆవిడ హక్కు. ఆ హక్కుని ఐదేళ్ళు పంతంగా కాపాడుకుంది. కానీ క్షమాపణ లేదన్న మాట వాడికి చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది తను. జిగురు కాగితం తేల్చడమేమిటి? ఆవిడకి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో తెలియలేదు. సంచి భుజాన వేసుకుని లేచింది.

మెట్ల దగ్గర ఎడిటరు ఎదురొచ్చాడు. చేతిలో పంతొమ్మిదో పేజీ ఉంది.

"ఇదేంటిది? ఎక్కడికి బయల్దేరారు?"

"తప్పు నాదేనండీ. తిట్టేదేదో రేపు తిట్టండి."

"ఇప్పుడు వెళ్తే రేపు రానక్కర్లేదు!"

ఆవిడ చెవిన వేసుకోలేదు. రెండు బస్సులు మారింది. రెండో బస్సు డ్రైవరు ప్రతి స్టాపులోనూ తాపీగా నిలబెట్టాడు. జైలు గేటు దగ్గర దిగేసరికి మూడు ఇరవై. ముందు పద్దెనిమిది మంది ఉన్నారు. ఒక్కొక్కరే కదులుతుంటే ఆవిడ గోడ గడియారం వంకా, ముందున్నవాళ్ళ వీపుల వంకా చూస్తూ నిలబడింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా గార్డు ఫారం ముందుకు తోశాడు. ఖైదీతో సంబంధం అన్నచోట ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎవరెవరి మాటలో గీత వంకర పోకుండా రాసిన చెయ్యి, "అక్క" అని వంకరగా రాసింది.

గార్డు రిజిస్టరు తిరగేశాడు. "ఐదేళ్ళలో ఒక్క ములాకత్ లేదు. ఇవాళే గుర్తొచ్చాడా?"

"ఇవాళే గుర్తొచ్చాడు. త్వరగా పిలవండి బాబూ."

ఇనుప జాలీకి అవతల తమ్ముడొచ్చి కూర్చున్నాడు. ముందు జుట్టంతా ఊడిపోయింది. చంకలో పుస్తకం. ఆవిణ్ణి చూసి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"చదివానక్కా" అన్నాడు. "పొద్దున్నే చదివేశాను."

"అది..."

"లోపల అందరూ అడుగుతున్నారు. దేవుడి పుస్తకంలో ఇలా ఉందేంటి, మాట ఒకటీ బొమ్మ ఒకటీనా అని. బొమ్మలో లేపుతున్నాడు, మాటలో లేదంటున్నాడు. బొమ్మ ఎవరో వేశారు. మాట మా అక్కది. నేను మాటే నమ్మాను." పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "న్యాయమే రాశావు."

పొరపాటు పడిందిరా అంటే చాలు. దానికోసమే ఇంత దూరం పడుతూ లేస్తూ వచ్చింది. కానీ పొరపాటంటే, క్షమించానని చెప్పినట్టేగా? క్షమించిందా? ఎదురుగా వాడి ముఖం చూస్తుంటే కోపం మళ్ళీ మొదటి రోజులాగే లేచింది.

"బావ నడిపాడని ఎందుకు చెప్పావురా?" అంది. అడగాలనుకుని వచ్చిన ప్రశ్న కాదది.

వాడు జాలీ వంక చూశాడు. "భయమేసిందక్కా. పోయినవాడికి శిక్ష పడదు కదా అనుకున్నాను."

"నాకు పడిందిరా!" ఆవిడ గొంతు ఆ గదంతా వినపడింది. పక్క జాలీల దగ్గర మాటలు ఆగిపోయాయి. "మూడు వారాలు నాకు పడింది. నా మొగుణ్ణి తాగుబోతని ఊరంతా అంటుంటే ఆయన బదులు నేను తల దించుకున్నాను. నీకు తెలుసా అది?"

"తెలీదు" అన్నాడు వాడు. "ఇప్పుడే తెలిసింది." ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆవిడ ఆపమనలేదు. ఆవిడ కళ్ళూ ఆగలేదు.

"టైమైంది" అన్నాడు గార్డు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒరేయ్, విను. ఆ మాట నేను నీకు రాసింది కాదు. కంపెనీ పుస్తకంలోది. అంటించేటప్పుడు తారుమారైంది."

"మరి నాకు రాసిందేంటి?"

ఆవిడ గార్డు వైపు తిరిగింది. "బాబూ, సరైన కాగితం తెచ్చిస్తే ఆ పుస్తకంలో అంటిస్తారా?"

"అంటించింది ఏదీ లోపలికి పోదమ్మా. కింద ఏం దాస్తారో ఎవరికి తెలుసు? చెప్పేదుంటే నోటితోనే చెప్పుకోవాలి." గడియారం చూశాడు. "ఇంకో నిమిషం ఇస్తాను, కానివ్వండి."

నిమిషం పెద్దదే. ఆవిడ నోరు తెరిచింది. క్షమించానని రాసిన చెయ్యి ఒళ్ళోనే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. వాడు కళ్ళెత్తకుండా కాచుకుని ఉన్నాడు.

"ఇవాళ నావల్ల కాదురా" అంది. "మంగళవారం మంగళవారం వస్తాను. నోటికి వచ్చిన రోజున చెబుతాను."

"అది రాకపోయినా ఫర్వాలేదు" అన్నాడు తమ్ముడు. "నువ్వు రా అక్కా."