లేవని సీటు

లింబాద్రి బిత్తరపోగా చూసినవాళ్లు నిజామాబాద్‌లో ఎవరూ లేరు. బోధన్ రోడ్డు మీద రేకుల కొట్టంలో కార్ల సీట్లు బాగుచేసేవాడు. పాత సీటు విప్పితే ఎలుకల కాపురాలు బయటపడ్డాయి, పాము కుబుసం బయటపడింది, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు కూడా బయటపడ్డాయి. అన్నింటినీ పక్కకు తోసి పని చూసుకునేవాడు. అలాంటి మనిషిని సొంత డ్రమ్మే నిలువునా కూల్చేసింది.

ఆ డ్రమ్ము సంగతి ముందు చెప్పాలి. వెనక్కి వాలే సీట్లు పెద్ద కార్లకే ఉండేవి. సీటు కింద ఒక పండ్ల చక్రం, దాన్ని పట్టి ఉంచే కొక్కెం ఉంటాయి. తుప్పు పడితే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని కదలవు. మిగతా మిస్త్రీలు సుత్తె పట్టుకుని పండ్లు రాలగొట్టేవాళ్లు. వాళ్ల చేతులు విరగ! లింబాద్రి మాత్రం చెరకు మడ్డి వాడేవాడు. చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం అది, బోధన్ దిక్కున పశువుల దాణాలో కలుపుతారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో మడ్డి కుండీలో పడ్డ బండి గొలుసు కొన్నాళ్లకు వెండిలా మెరుస్తూ బయటపడడం చూశాడు. అప్పటినుంచి అదే వాడి మందు. డ్రమ్ములో మడ్డి పోసి, నీళ్లు కలిపి, ఇనప సామానును రెండు మూడు వారాలు నానేస్తే తుప్పంతా ఊడి వచ్చేది. వాసన భరించలేక చుట్టుపక్కలవాళ్లు తిట్టేవాళ్లు. గుడుంబా కాస్తున్నాడని ఒకసారి ఆబ్కారీ జవాను కూడా వచ్చాడు. కర్ర పెట్టి కలిపితే సీటు స్ప్రింగు పైకొచ్చింది. జవాను ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు.

మడ్డితో ఒక చిక్కుంది. అది తినేది తుప్పును మాత్రమే కాదు. జస్తు అనే మెత్తటి తెల్ల లోహంతో పోత పోసిన ముక్కలు అందులో పడితే కరిగిపోతాయి. అందుకని లింబాద్రి ప్రతి ముక్కకూ సూదంటురాయి తాకించి, అంటుకుంటేనే డ్రమ్ములో వేసేవాడు. ఆ రాయి వాడి మెడలో తాడుకు వేలాడుతూ ఉండేది. తాయత్తు కట్టుకున్నాడని తెలియనివాళ్లు నవ్వేవాళ్లు.

అరవై మూడో సంవత్సరం, పసుపు తవ్వే రోజులు. లింబాద్రి భార్య లింగవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ కాలంలో కూలి బాగా వస్తుందని వేల్పూర్‌కు పసుపు తవ్వడానికి పోయేది. ఒకరోజు సాయంత్రం బస్తాల బండి మీద కూర్చుని వస్తూ పైనుంచి జారి వీపు మీద పడింది. మంచం మీద మోసుకొచ్చారు. డాక్టరు వచ్చి చూశాడు.

"వెన్ను బొక్క చెదిరింది. పట్నంల పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. నెల పడ్తది మంచం దొరకాలంటే. అప్పటిదాక చెక్క పల్క మీదనే పండుండాలె. పోయేటప్పుడు గూడ పండవెట్టే తీస్కపోవాలె. కూసోవెట్టిన్రా, కాళ్లు పడిపోతయి."

పండబెట్టి ఎలా తీసుకుపోవాలి? లారీ ఎక్కిస్తే కుదుపు, రైలు ఎక్కించాలంటే మెట్లు. లింబాద్రికి అన్నం సహించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది రాజారాం పటేలు కారు. బోధన్ పక్కన చెరకు పండించే ఆసామి. ఎవరో దొర దగ్గర కొన్న పెద్ద కారు ఆయనది. నడిపేవాడి పక్కనున్న ముందు సీటు మొత్తం వెనక్కి వాలి పరుపులా పరుచుకునేదట. మంజీర నది పొంగినప్పుడు ఆయన కారు కొట్టంలోకి నీళ్లు వచ్చి, ఆ సీటు నిటారుగా బిగుసుకుపోయింది. లింబాద్రి పోయి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

పటేలు నోటి దురుసు మనిషి. "సీటు వాలితె తీస్కపోత. నేనే నడుపుత. వాలకుంటె నన్నేం జెయ్యమంటవ్‌రా?" అన్నాడు.

లింబాద్రి ఆ రోజే సీటు కింది మర విప్పుకుని వచ్చాడు. ఇంట్లో లింగవ్వ మూలుగుతోంది. ముక్కలన్నీ నల్లగా తుప్పు కట్టి ఉన్నాయి. మెడలో రాయి వేలాడుతూనే ఉంది, చేయి మాత్రం దాని దగ్గరకు పోలేదు. అన్నీ ఒక్కసారే డ్రమ్ములో వేసి మూత పెట్టేశాడు. అంత తొందర ఎందుకయ్యా అంటే ఏం చెప్తాడు, పెళ్లాం మూలుగు వింటున్నవాడు.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున మూత తీశాడు. పండ్ల చక్రం తళతళా వచ్చింది. స్ప్రింగు వచ్చింది, కడ్డీలు వచ్చాయి. కొక్కెం రాలేదు. భుజం దాకా చేయి పెట్టి వెతికాడు. డ్రమ్ము కింద పోశాడు. చివరికి మడ్డిలో బటానీ గింజంత తెల్లటి ముక్క దొరికింది. ఎవడో వెనకటి మిస్త్రీ, ఇనప కొక్కెం విరిగితే జస్తుతో పోత పోసి, నల్ల రంగు పూసి పెట్టాడు. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని లింబాద్రి బురదలోనే కూలబడ్డాడు.  

ఇనుము అరగదీసి కొత్త కొక్కెం చేయడానికి వ్యవధి లేదు. ఉన్నవాటితోనే మర బిగించాడు. సీటు వాలింది. వెనక సీటు మీద ఆనుకుని చక్కగా పరుచుకుంది. పట్టి నిలిపే కొక్కెం లేదు కాబట్టి లేపినా నిలవదు, ఇక లేవనట్టే. పటేలు వచ్చాక దాచకుండా చెప్పేశాడు.

పటేలు ముఖం ఎర్రబడింది. "నా కార్ల ముందట పానుపేసినవారా? ఇగ నా పక్కకు ఎవడు కూసోవాలె, వాని అయ్యనా?" అని ఇంకా నాలుగు మాటలన్నాడు, ఇక్కడ రాయలేనివి. అన్నవాడు పల్క మీద ఉన్న లింగవ్వ వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది.

"సూస్తవేందిరా, పండవెట్టు," అన్నాడు.

పట్నం దవాఖానలో ఒళ్లంతా సున్నపు కట్టు వేశారు. లింబాద్రి ఆమె మంచం పక్కనే ఉండిపోయాడు. ఎండలు ముదిరాక కట్టు తీసి, మెల్లగా కూర్చోబెట్టడం నేర్పారు. గోడకు ఆనుకుంటేనే కూర్చునేది. మళ్లీ పటేలే వచ్చాడు తీసుకుపోవడానికి. సీటు అలాగే ఉంది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదట.

"ఖరాబు జేసినోడే బాగుజెయ్యాలె," అన్నాడు.

లింగవ్వను పండబెట్టారు. లింబాద్రి పటేలు వెనక కూర్చున్నాడు. తలెత్తడానికి సిగ్గేసింది. కూర్చోగలిగిన మనిషిని మళ్లీ శవంలా పండబెట్టి ఊరికి తెస్తున్నాడు, అదీ తన చేతి తప్పు వల్ల.

రామాయంపేట దాటాక లింగవ్వ రెండు చేతులూ కింద ఆనించింది. ఏం చేస్తోందో వాడికి అర్థమయ్యేలోపే లేచి కూర్చుంది. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. పటేలు చేతిలో స్టీరింగు ఒక్కసారి అదిరింది.

"ఏమే లింగవ్వా, పడ్తవే. ఆనుకోనీకి ఏం లేదు గాదె," అన్నాడు.

"సీటు లేవదంట గద పటేలా," అంది ఆమె, ముందుకు చూస్తూ. "నేనే లేసిన."

 పడితే పట్టుకుందామని లింబాద్రి ఆమె వీపు వెనక అరచేయి చాపాడు. కామారెడ్డి వచ్చింది, డిచ్‌పల్లి వచ్చింది, చేయి పీకుతున్నా దించలేదు. ఆ వీపు ఒక్కసారి కూడా వాడి చేతికి తగల్లేదు.