నాలుగో లేన్‌లో ఆగని గడియారం

ఆ ఈతకొలనులో చిన్నపిల్లలకు ఈత నేర్పే ఆవిడను అందరూ పెద్దమ్మ అనే పిలిచేవారు. నిజానికి ఆమె ఒక్కరికే పెద్దమ్మ, చెల్లెలి కూతురు చేపపిల్లకి. నడక కుదురుకోక ముందే ఆ పిల్లను నీళ్లలో దింపింది ఆమే; ఆ ముద్దుపేరూ అలా వచ్చిందే. ఆ రోజు జట్టు ఎంపిక పోటీ. గెలిచిన ఒక్కరికే చోటు. చేపపిల్లది అయిదో లేన్. పెద్దమ్మకు నాలుగో లేన్ చూసే పని పడింది.

పని చిన్నదే. ఈదేవాళ్ల చెయ్యి గోడకున్న పలకను తాకగానే గడియారం దానంతటదే ఆగుతుంది. ఎందుకైనా మంచిదని, గట్టుమీద నిలబడ్డ మనిషి కూడా అదే క్షణాన చేతిలోని బటన్ నొక్కాలి.

చివరికొచ్చేసరికి ఇద్దరు పిల్లలూ భుజం భుజం కలిపి వస్తున్నారు. పెద్దమ్మ వంగి, నాలుగో లేన్ పలక మీదే చూపు నిలిపింది. వేళ్ల కొసలు పలకను తాకాయి. నొక్కేసింది. కానీ గడియారం ఆగలేదు. ఆ పిల్ల కంగారుగా మళ్లీ గట్టిగా కొడితే గానీ ఆగలేదు.

బోర్డు మీద అయిదో లేన్ మొదట వెలిగింది. చూడ్డానికొచ్చిన చెల్లెలు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"పెద్దమ్మా, నేను ముందే తాకాను కదా! చెప్పండి!" నీళ్లలోంచి నాలుగో లేన్ పిల్ల ఏడుపు గొంతుతో అంది.

పెద్దమ్మ ఒకసారి చెల్లెలికేసి చూసింది. అయినా చెయ్యెత్తి రిఫరీని పిలిచింది. ఆయన బటన్ లెక్క తెప్పించి చూశాడు. దాని ప్రకారం నాలుగో లేనే ముందు. చేపపిల్ల కోచ్ ఉరికొచ్చాడు.

"చేత్తో నొక్కింది కదండీ, తొందరపడి ఉంటుంది! పైగా పక్క లేన్‌లో సొంత చెల్లెలి కూతురు. ఈవిడ కళ్లు ఎక్కడున్నాయో ఎవరు చూడొచ్చారు?"

రిఫరీ ఆమెకేసి తిరిగాడు. "మీరు అయిదో లేన్ వైపు చూశారా?"

లేదనేస్తే గొడవే ఉండదు. చూశానంటే, బటన్ లెక్క కొట్టేసి చేపపిల్లనే గెలిపిస్తారు. రెండు మాటలూ నాలుక చివరే ఉన్నాయి.

"సగం దూరంలో ఒకసారి చూశానండి. మనసాగలేదు. చివర్లో మాత్రం కన్ను తిప్పలేదు. ఈ పిల్ల వేళ్లు తాకడం చూశాకే నొక్కాను. పలకే పట్టుకోలేదు."

రిఫరీ ఆ పలకను వేలితో నొక్కి చూశాడు. మెల్లగా నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బోర్డు మీద అంకెలు మారి, నాలుగో లేన్ మొదటికొచ్చింది.

చెల్లెలు ఆమెను దాటుకుంటూ, "నీ కడుపున పుట్టుంటే ఇలాగే చేసేదానివా అక్కా?" అని విసవిసా వెళ్లిపోయింది. ఏమో, పెద్దమ్మకే తెలియదు.

వారం పాటు పై వాటాలోని చెల్లెలి ఇంటికి, కింది వాటాలోని పెద్దమ్మకు మధ్య మాటల్లేవు. తర్వాత ఒక ఉదయం చేపపిల్ల టవల్ భుజానేసుకుని కొలను దగ్గరికి వచ్చింది.

"నీ మీద కోపం ఇంకా పోలేదు."

"ఉండనీ. చలి తగ్గేదాకా ఆగుతావా, ఇప్పుడే దిగుతావా?"

ఆ పిల్ల మూతి ముడుచుకునే నీళ్లలోకి దూకింది.